శివరాత్రి రాత్రి, గండికోట, 174 ఫొటోలు: పాలపుంత టైమ్‌లాప్స్ ఎక్కడ తప్పింది?

పెన్నాగట్టు | 1 మార్చి 2025, ఉదయం 9:12

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు. మొన్న ఫిబ్రవరి 26న శివరాత్రి జాగారం కెమెరాతో చేద్దామని, వరసగా తీసిన ఫొటోల్ని కలిపి పాలపుంత కదిలే వీడియో (టైమ్‌లాప్స్) చేద్దామని మా బావా నేనూ గండికోట వెళ్లాం. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి చంద్రుడి బెడద లేదు. పాలపుంత నడిమి భాగం రాత్రి రెండుంబావుకు ఆగ్నేయంలో లేస్తుందని స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్‌లో ముందే చూసుకున్నాను. రెండున్నరకు మొదలుపెట్టి అయిదున్నరకు ఆపాను.

కెమెరా 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్, లెన్స్ దాంతోపాటు వచ్చిన 18-55. సెట్టింగులు: 18 ఎంఎం, ఎఫ్ 5.6 (లెన్స్ తెరుపు), షట్టర్ 30 సెకన్లు, ఐఎస్ఓ (వెలుతురు సున్నితత్వం) 6400, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటో, ఫైళ్లు రా (కెమెరా దిద్దని ముడి ఫైళ్లు). ఎంతసేపటికొక ఫొటో తీయాలో చెప్పే ఇంటర్వెల్ టైమర్ కెమెరాలోనే ఉంది, అందులో 31 సెకన్లు పెట్టాను. మూడు గంటలకు 348 ఫొటోలు రావాలని లెక్క వేసుకున్నా. ఇంటికొచ్చి కార్డు చూస్తే 174 ఉన్నాయి. సరిగ్గా సగం. వీడియో ఏడు సెకన్లకే అయిపోయింది.

ఉన్న ఏడు సెకన్లూ బాగాలేవు. చుక్కలు గెంతుతున్నట్టు కదులుతున్నాయి. మొత్తం వీడియో ట్యూబ్‌లైటు స్టార్టర్ పోయినట్టు మిణుకుమిణుకుమంటోంది. దగ్గరికి జూమ్ చేస్తే చుక్కలు బియ్యపు గింజల్లా సాగి ఉన్నాయి. నాలుగు దాటాక తీసినవాటిలో ప్రతి చుక్క చుట్టూ మసక.

ఉగాది ముందు అమావాస్యకు మళ్లీ వెళ్లాలి. ఈసారి తప్పు జరగకూడదు. ఎక్కడెక్కడ తప్పు చేశానో చెప్పండి.

---

వైడాంగిల్ | 1 మార్చి 2025, ఉదయం 10:40

తమ్ముడూ, సగం ఫొటోలు ఎటు పోయాయో నేను చెప్తా. ఇదే గోతిలో నేనూ పడ్డాను, అందుకే చూడగానే తెలిసింది.

కెమెరా మీద 30 అని రాసి ఉన్న షట్టర్ నిజానికి 30 సెకన్లు కాదు, 32. షట్టర్ వేగాలు 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపవుతూ పోతాయి. చదవడానికి తేలిగ్గా ఉంటుందని 16ని 15 అనీ, 32ని 30 అనీ రాస్తారు. నీ టైమర్ 31వ సెకనుకి 'తియ్యి' అంది. అప్పటికి కెమెరా ఇంకా మొదటి ఫొటోలోనే ఉంది. ఆ పిలుపు వృథా అయింది. మళ్లీ 62వ సెకనుకి పిలిస్తే పలికింది. మూడు గంటలంటే 10,800 సెకన్లు, దాన్ని 62తో భాగిస్తే 174. లెక్క అణా పైసలతో సరిపోయింది.

చుక్కలు గెంతడానికీ కారణం ఇదే. 32 సెకన్లు తీసి 30 సెకన్లు కళ్లు మూసుకున్నట్టయింది. కదలిక నీళ్లు పారినట్టు ఉండాలంటే ఫొటోకీ ఫొటోకీ మధ్య ఖాళీ వీలైనంత తక్కువ ఉండాలి. షట్టర్ 15 పెడితే నిజంగా అయ్యేది 16, కార్డులోకి రాసుకోవడానికి ఇంకో రెండు సెకన్లు. ఇంటర్వెల్ 18 పెట్టు, చాలు.

ఇంకో జాగ్రత్త. కెమెరా లోపలి టైమర్లు చాలావరకు ఒక ఫొటో మొదలు నుంచి ఇంకో ఫొటో మొదలు దాకా లెక్కేస్తాయి. బయట కొనే రిమోట్లలో కొన్ని ఫొటో అయ్యాక ఖాళీని మాత్రమే లెక్కేస్తాయి. నీది ఏ రకమో ఇంట్లో గోడ ముందు పెట్టి, చేతి గడియారం చూస్తూ పది ఫొటోలు తీస్తే తెలిసిపోతుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫొటోలో గరుకు చుక్కలు తగ్గించే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో కూడా చూసుకో. అది ఉంటే ప్రతి ఫొటో తర్వాత అంతే సేపు షట్టర్ మూసి ఇంకోటి తీసుకుంటుంది, టైమ్‌లాప్స్‌కి అది అస్సలు పనికిరాదు.

---

మూలచుక్క | 1 మార్చి 2025, మధ్యాహ్నం 12:05

నాయనా, బియ్యపు గింజల సంగతి నేను చెప్తాను. ఫిజిక్స్ పాఠం చెప్పి రిటైరైనవాడిని, లెక్క వెయ్యకుండా ఉండలేను.

ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. నీ కెమెరాలో 18 ఎంఎం దగ్గర ఒక్కో పిక్సెల్‌కి పట్టే ఆకాశం సుమారు 45 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). అంటే చుక్క దాదాపు మూడు సెకన్లకొక పిక్సెల్ దాటుతుంది. 32 సెకన్లలో పది పిక్సెళ్లు సాగింది. గింజ కాక ఏమవుతుంది? 16 సెకన్లైతే అయిదు పిక్సెళ్లు. 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోని 3840కి తగ్గించి వీడియో చేస్తావు కాబట్టి అది మూడుకి దిగుతుంది. కదిలే వీడియోలో ఆ మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

చుక్కలు సాగకుండా షట్టర్ ఎంతసేపు తెరవొచ్చో చెప్పే 500 సూత్రం చాలామందికి తెలుసు: 500ని ఫోకల్ లెంగ్త్‌తోనూ (నీది 18) సెన్సర్ క్రాప్‌తోనూ (నీది 1.5) భాగించడం. నీకు 500 భాగించు 27, అంటే పద్దెనిమిది సెకన్ల పైమాట. అది ఫిలిం రోజుల కొలత. ఇప్పటి సెన్సర్లకు ఇంకో సూత్రం నయం. ఎఫ్ సంఖ్యను 35తో, పిక్సెల్ సైజును మైక్రాన్లలో 30తో గుణించి, రెండూ కూడి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించు. ఎఫ్ 3.5, పిక్సెల్ 3.9 అనుకుంటే 13 సెకన్లు వస్తుంది. అచ్చు వేసుకునే ఫొటోకి 13 పాటించు. టైమ్‌లాప్స్‌కి 16 హాయిగా చాలు.

ఇక నడిమి భాగం ఎక్కడుందో వెతకడానికి ప్రతిసారీ ఫోన్ తీసి కంటికి వెలుతురు కొట్టించుకోకు. ముందు జ్యేష్ఠని పట్టుకో, ఎర్రగా ఉంటుంది, తేలు గుండె అదే. అక్కడి నుంచి తోక వెంబడి కిందికి వస్తే కొండి దగ్గర మూల. మూలకీ పూర్వాషాఢకీ మధ్యనే మన పాలపుంత కేంద్రం, 26 వేల కాంతి సంవత్సరాల దూరాన. మన నక్షత్రాల పేర్లు తెలిసినవాడికి చీకట్లో మ్యాపు అక్కర్లేదు.

---

రాఫైల్ | 1 మార్చి 2025, సాయంత్రం 6:31

మిణుకు గురించి. దీన్ని ఫ్లికర్ అంటారు, సాఫ్ట్‌వేర్‌తో పోగొట్టవచ్చు, కానీ నీ విషయంలో అసలు రాకుండానే చెయ్యొచ్చు.

నువ్వు ఎఫ్ 5.6 పెట్టావు. 18 దగ్గర ఆ లెన్స్ పూర్తిగా తెరిస్తే ఎఫ్ 3.5. మామూలుగా లెన్స్ లోపల వెలుతురుని అదుపుచేసే రేకులు విప్పుకునే ఉంటాయి. ఫొటో తీసే క్షణంలో 5.6కి ముడుచుకుని, అయ్యాక మళ్లీ విప్పుకుంటాయి. ప్రతిసారీ ఒకే చోటికి అచ్చంగా రావు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒక్క ఫొటోలో అది ఎవరికీ కనపడదు. సెకనుకి 25 ఫొటోలు పరిగెత్తిస్తే మిణుకు అవుతుంది. ఎఫ్ 3.5కి తెరిచి పెట్టేస్తే రేకులు కదిలే పనే లేదు. పైగా వెలుతురు రెండున్నర రెట్లు ఎక్కువ. షట్టర్ సగానికి తగ్గించినా నీకు మొన్నటికంటే కాస్త ఎక్కువ వెలుతురే మిగులుతుంది. మూలల్లో చుక్కలు కాస్త రెక్కలు చాస్తాయి, చాచనీ.

రెండో కారణం ఆటో వైట్ బ్యాలెన్స్. రాలో తీశావు కాబట్టి బతికిపోయావు, తర్వాత అన్నిటికీ ఒకటే పెట్టుకోవచ్చు. జేపెగ్‌లో తీసుంటే అది సరిదిద్దలేని తప్పు. ఈసారి 4000 కెల్విన్ దగ్గర కదలకుండా పెట్టేయ్.

---

పెన్నాగట్టు | 1 మార్చి 2025, రాత్రి 9:50

అన్నా, ఇప్పుడే గడియారం పెట్టి చూశా. 30 పెడితే నిజంగానే 32 తీసుకుంటోంది! రెండేళ్లుగా ఈ కెమెరా నా చేతిలోనే ఉంది, ఎప్పుడూ గమనించలేదు. మాస్టారూ, మీ లెక్క కాగితం మీద రాసుకుని బ్యాగులో పెట్టుకున్నాను.

నాలుగు తర్వాత వచ్చిన మసక ఫోకస్ జారడం వల్లా, ఇంకేదైనానా? ఇంకోటి, లోయ మీద పాలపుంత లేస్తున్నట్టు తీయాలని వెళ్లాను. వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే అది వెనకవైపు వచ్చింది. చివరికి ఒక బండరాయి ముందు పెట్టుకుని తీశాను.

---

కృత్తిక | 2 మార్చి 2025, ఉదయం 7:20

అది నీ తప్పు కాదు తమ్ముడూ, భూగోళం అలా ఉంది. గండికోట పెన్నకు కుడి గట్టున, అంటే నదికి దక్షిణాన ఉంది. కోట నుంచి లోయవైపు తిరిగావంటే చూసేది ఉత్తరం. పాలపుంత నడిమి భాగం ఎప్పుడూ దక్షిణంవైపే నడుస్తుంది. గండికోట నుంచి అది బాగా పైకి వచ్చినప్పుడు కూడా 46 డిగ్రీలు దాటదు. అందుకని కోటవైపు నుంచి లోయా పాలపుంత నడుమూ ఒకే ఫ్రేములో కుదరవు. ఇది తెలియక నేను అనంతపురం నుంచి రెండుసార్లు వచ్చి తిరిగెళ్లాను.

కానీ అదే లోయ మీద ఇంకోటి అద్భుతంగా కుదురుతుంది. అక్కడ ధ్రువ నక్షత్రం ఉత్తరాన 15 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. లోయ అంచు కింద పెట్టుకుని మూడు గంటలు తీస్తే చుక్కలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. అవే ఫొటోల్ని స్టార్‌స్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే వలయాల ఫొటో కూడా వస్తుంది, ఉచితమే. ఒకే రాత్రి, ఒకే శ్రమ, రెండు ఫలితాలు.

తూర్పున జమ్మలమడుగు వెలుతురు ఉంటుంది, నడిమి భాగం లేచేటప్పుడు ఎడమ పక్క నుంచి పసుపు మరక తగులుతుంది. కెమెరా ఇంకాస్త దక్షిణానికి తిప్పి, ఒక గంట ఆగి మొదలుపెడితే నయం.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. కోట లోపలి కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, రాత్రిపూట అక్కడ ట్రైపాడ్ వెయ్యాలంటే ముందే అనుమతి తీసుకో. లోయ అంచుకి చీకట్లో కొత్తగా వెళ్లకు. పగలే వెళ్లి ట్రైపాడ్ మూడు కాళ్లూ ఎక్కడ పడాలో సున్నపు ముక్కతో గుర్తు పెట్టుకో. ఎర్ర టార్చి వాడు, కంటికి చీకటి అలవాటు చెదరదు. మేం ఆడవాళ్లం ముగ్గురం, ఇంకొకరినైనా కలుపుకుని ఎప్పుడూ నలుగురికి తక్కువ కాకుండా, బస చేసిన చోట చెప్పి మరీ వెళ్తాం.

---

అరకుమంచు | 2 మార్చి 2025, ఉదయం 8:45

నాలుగు తర్వాత వచ్చిన మసకకి కారణం మంచు. మా వైపు డిసెంబర్‌లో రాత్రి పదకొండుకే మొదలవుతుంది కాబట్టి నాకు ఇది రోజూ చూసే శత్రువు.

ఫోకస్ జారితే చుక్క పెద్దదై బిళ్లలా అవుతుంది. మంచు పడితే చుక్క చుక్కలాగే ఉండి చుట్టూ వలయం వస్తుంది, ఫొటో ఫొటోకీ ఆ వలయం పెరుగుతుంది, చివరికి ఆకాశమంతా పాలు కలిపినట్టవుతుంది. నీ ఫొటోలు వరసగా తిప్పి చూడు, ఎన్నో నంబరు దగ్గర మొదలైందో తెలుస్తుంది.

లెన్స్ అద్దం రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉండి తన వేడి పోగొట్టుకుని చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గాలిలో తేమ దాని మీద పేరుకుంటుంది. గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల్లో మళ్లీ వస్తుంది, పైగా తుడిచేటప్పుడు ఫోకస్ రింగు కదులుతుంది, ఫ్రేము జరుగుతుంది, ఆ రాత్రి తీసిన వరసంతా పాడవుతుంది. మందు ఒకటే, మొదటి నుంచే అద్దాన్ని ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచడం. లెన్స్‌కి చుట్టే హీటర్ పట్టీలు దొరుకుతాయి, పవర్‌బ్యాంకుకి తగిలించి ముందు అంచుకి దగ్గరగా చుట్టాలి. అది లేకపోతే చలికి చేతుల్లో పట్టుకునే వెచ్చటి పొట్లాలు రెండు లెన్స్‌కి అటూ ఇటూ పెట్టి పాత సాక్సుతో బిగించు. నేను మొదటి రెండేళ్లు అలాగే గడిపాను.

ఉగాదికి మీ కడప వైపు రాత్రులు వెచ్చబడతాయి, మంచు బాధ తక్కువే. దాని బదులు వేడికి సెన్సర్‌లో ఎరుపూ నీలం చుక్కలు పెరుగుతాయి. ఆఖర్న మూత పెట్టి అదే షట్టర్, అదే ఐఎస్ఓతో ఇరవై ఫొటోలు తీసి ఉంచుకో. ఏవి ఆకాశపు చుక్కలో, ఏవి సెన్సర్ చుక్కలో అవే చెప్తాయి.

---

వైడాంగిల్ | 2 మార్చి 2025, ఉదయం 11:15

ఫోకస్ మాట వచ్చింది కాబట్టి. లెన్స్ మీద అనంతం గుర్తు ఉంటే దాన్ని నమ్మకు. మాన్యువల్‌లో పెట్టు, ఆకాశంలో అన్నిటికంటే మెరిసే చుక్కని తెర మీదికి తెచ్చి పది రెట్లు పెద్దది చేసి చూడు. రింగు మెల్లగా తిప్పుతుంటే బిళ్ల చిన్నదవుతూ వస్తుంది. ఒక దశలో అంచున ఊదా రంగు కనిపిస్తుంది, ఇంకొంచెం తిప్పితే అది పోయి సూదిమొన అవుతుంది, ఇంకా తిప్పితే అటువైపు మళ్లీ లావవుతుంది. ఆ అటూ ఇటూ మధ్యలో మొన ఉన్న చోట ఆగు. అంతవరకూ కనపడని సన్న చుక్కలు చుట్టూ పైకి వస్తాయి, అదే గుర్తు. వెంటనే రింగుకి టేపు వెయ్యి. జూమ్ రింగుకి కూడా. కిట్ లెన్స్ ఆకాశంవైపు వంచి పెడితే దాని బరువుకి అదే మెల్లగా జారుతుంది.

లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దేది) ఆపు. మెడ తాడు తీసేయ్, గాలికి కొట్టుకుంటుంది. ట్రైపాడ్‌కి బ్యాగు వేలాడదీయకు, ఊగితే ఇంకా ముప్పు. కాళ్ల పక్కన రాళ్లు పెట్టు.

హైదరాబాద్ మిత్రులు చాలామంది శ్రీశైలం దారి అడుగుతుంటారు, వాళ్ల కోసం ఇక్కడే రాస్తున్నా. నల్లమలలో మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, తెల్లారి ఆరుకి తెరుస్తారు. అది పులుల అడవి. దారిలో బండి ఆపి చుక్కలు తీద్దామనే ఆలోచన వద్దు.

---

రాఫైల్ | 3 మార్చి 2025, రాత్రి 8:02

ఇంటికొచ్చాక చేసే పని. నా పద్ధతి చెప్తాను, ఇదొక్కటే పద్ధతి అనను.

వరసలో మధ్య నుంచి ఒక ఫొటో ఎంచుకుని దాని మీదే దిద్దుబాటు చేస్తాను. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్, లెన్స్ మూలల నీడ, నాయిస్. అది అన్ని ఫొటోలకీ అంటిస్తాను. దీనికి వాడే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ లేకపోతే డార్క్‌టేబుల్ ఉచితం, అదీ చేస్తుంది.

ఇక్కడే చాలామంది తెలియక ఫ్లికర్‌ని తామే పుట్టిస్తారు. లైట్‌రూమ్‌లో డీహేజ్, క్లారిటీ, హైలైట్స్, షాడోస్ లాంటివి ప్రతి ఫొటోలో ఏముందో చూసుకుని దాన్నిబట్టి పనిచేస్తాయి. ఒక ఫొటోలో దూరంగా బండి లైటు వచ్చిందనుకో, అందులో డీహేజ్ ఒక రకంగా, పక్క ఫొటోలో ఇంకో రకంగా పడుతుంది. అంకె ఒకటే, ఫలితం వేరు. అందుకే వాటిని చిటికెడు వేస్తాను, మిగతాదంతా వెలుగునీడల్ని సర్దే టోన్ కర్వ్‌తో లాగుతాను. కర్వ్ అన్నిటికీ ఒకేలా పడుతుంది.

తెల్లవారేదాకా తీస్తే ఒకే దిద్దుబాటు సరిపోదు. ఫిబ్రవరి ఆఖర్లో మీ దగ్గర అయిదుంబావు దాటితే ఆకాశం తెలుపెక్కడం మొదలవుతుంది. అప్పుడు వరసలో అక్కడక్కడా కీఫ్రేములు (విడిగా దిద్దిన ఫొటోలు) పెట్టి మధ్యలో మెల్లగా మార్చాలి. దానికి ఎల్ఆర్‌టైమ్‌లాప్స్‌ని మించింది నేను చూడలేదు. ఫ్లికర్ కూడా అదే తీస్తుంది. ఉచిత వెర్షన్‌లో ఒక వరసకి 400 ఫొటోల పరిమితి ఉంది, నేర్చుకోవడానికి అది చాలు.

వీడియోగా కూర్చడానికి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. డీఫ్లికర్, కాలం మీద పనిచేసే నాయిస్ రిడక్షన్ మాత్రం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉన్నాయి. అవి లేకపోయినా నేల భాగానికి ఒక ఉపాయం ఉంది. నేల కదలదు కదా, పక్కపక్క ఫొటోలు ఒక ఇరవై సగటు చేస్తే నాయిస్ దాదాపు పోతుంది. ఆ ఒక్క శుభ్రమైన నేలని మాస్క్ వేసి (ఆ భాగాన్ని మాత్రమే వేరుచేసి) ఆకాశం కింద అతికించు. ఆకాశాన్ని మాత్రం సగటు చెయ్యకు. 18 సెకన్ల తేడాకే చుక్క అయిదారు పిక్సెళ్లు జరుగుతుంది, మాస్టారు పోగొట్టమన్న బియ్యపు గింజ మళ్లీ వస్తుంది.

---

మూలచుక్క | 3 మార్చి 2025, రాత్రి 9:40

ఒక రాత్రి నేలని ఒక్క ఫొటోగా చేసి మిగతా రాత్రంతటి కింద అతికిస్తే అది ఆ రాత్రి అవుతుందా? గాలికి చెట్టు కదలడం, తెల్లారేకొద్దీ రాయి మీద వెలుగు మారడం అన్నీ పోతాయి. రాఫైల్ గారూ, మీ నైపుణ్యం మీద నాకు గౌరవమే. కానీ టైమ్‌లాప్స్ అంటే కాలం. నేల దగ్గర కాలం ఆపేసి ఆకాశంలో నడిపించడం నాకు మనసొప్పదు.

రంగు సంగతీ చెప్పాలి. ఈమధ్య చూసే పాలపుంతలన్నీ వంగపండు రంగులో ఉంటున్నాయి. నడిమి భాగంలో ఉన్నవి ఎక్కువగా వయసు మళ్లిన నక్షత్రాలు, వాటి కాంతి పసుపు వైపు ఉంటుంది. మధ్యలో ఉన్న ధూళి ఆ కాంతిని ఇంకా ఎరుపెక్కిస్తుంది. ఆకాశగంగ మధ్యన లేత బెల్లం రంగు ఉంటే అది నిజానికి దగ్గర. పిల్లలు ఈ వీడియోలు చూసి ఆకాశం నేర్చుకుంటున్నారు, అందుకే ఇంత పట్టు పడుతున్నాను.

---

రాఫైల్ | 3 మార్చి 2025, రాత్రి 10:25

మాస్టారూ, రంగు విషయంలో మీతో వంద శాతం ఏకీభవిస్తాను. వైట్ బ్యాలెన్స్ 3200కి దించితేనే ఆ నీలం వస్తుంది. నేను 4000కి కింద పోను.

నేల విషయంలో ఒప్పుకోను. కిట్ లెన్స్‌తో, ఐఎస్ఓ 6400లో తీసిన రాయి టీవీ మీద చీమలు పాకినట్టు కనిపిస్తుంది. చెట్లు లేని ఫ్రేములో, తెల్లవారక ముందు భాగానికి మాత్రమే ఇలా చేస్తాను, చేశానని వీడియో కింద రాస్తాను. చూసేవాళ్లకి చెప్పి చేస్తే అందులో మోసం లేదు.

---

దక్షిణార్ధం | 4 మార్చి 2025, ఉదయం 5:30

సిడ్నీ నుంచి. ఈ చర్చ చదువుతుంటే ఇంటికొచ్చినట్టుంది. మాది నెల్లూరు, ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లు.

ఇక్కడ వారంబంగిల్ డార్క్ స్కై పార్కులో జూన్, జులై రాత్రుల్లో తీస్తాను. అది 31 డిగ్రీల దక్షిణ అక్షాంశం, పాలపుంత కేంద్రం దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తుంది. మీకు వర్షాకాలం అడ్డొచ్చే నెలల్లోనే మాకు శీతాకాలపు పొడవాటి రాత్రులు. మొదటిసారి జ్యేష్ఠని నడినెత్తిన చూసినప్పుడు, చిన్నప్పుడు మా తాతయ్య దక్షిణాన తాటిచెట్ల మీద చూపించిన చుక్క ఇదేనా అని చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాను.

ఒక విషయం ఎవరూ అనలేదు. బాగా చీకటి చోట తీస్తే ఆకాశంలో ఆకుపచ్చ అలలు పాకుతూ కనిపించవచ్చు. కెమెరా పాడైందని కంగారుపడకండి. సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ వెలువరించే సహజమైన వెలుగు అది, ఎయిర్‌గ్లో అంటారు. ఒక్క ఫొటోలో మరకలా ఉంటుంది, టైమ్‌లాప్స్‌లోనే దాని నడక కనిపిస్తుంది. రంగు సరిదిద్దుతున్నామని ఆ పచ్చని తుడిచెయ్యకండి.

---

పెన్నాగట్టు | 2 ఏప్రిల్ 2025, రాత్రి 10:10

అందరికీ విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు, మూడు రోజులు ఆలస్యంగా. మార్చి 28 రాత్రి వెళ్లొచ్చాను. ఈ నాలుగు రోజులూ కూర్చుని వీడియో పూర్తి చేశాను.

ఈసారి పగలే వెళ్లి అక్క చెప్పినట్టు సున్నపు ముక్కతో గుర్తులు పెట్టుకున్నాను. నడిమి భాగం అర్ధరాత్రి పన్నెండుంబావుకే లేచింది, నెల్లో రెండు గంటలు ముందుకొచ్చింది. పన్నెండున్నర నుంచి అయిదు దాకా తీశాను. 18 ఎంఎం, ఎఫ్ 3.5, 15 సెకన్లు, ఐఎస్ఓ 6400, ఇంటర్వెల్ 18, 4000 కెల్విన్. కార్డులో 900 ఫొటోలు. ఒక్కటీ తగ్గలేదు! సెకనుకి 25 చొప్పున 36 సెకన్ల వీడియో. మిణుకు లేదు. చుక్కలు పారుతున్నాయి, గెంతడం లేదు. తేలు తోక మొత్తం పైకి లేచి, తెల్లవారేసరికి పాలపుంత దక్షిణాన రాయి మీద నిలబడింది. మా అమ్మ చూసి రెండోసారి వెయ్యమంది.

కొత్త చిక్కులు రెండు వచ్చాయి. రెండూ పరిష్కారమయ్యాయి కానీ తర్వాతివాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను. బ్యాటరీ స్థానంలో పెట్టే డమ్మీ బ్యాటరీని పవర్‌బ్యాంకుకి తగిలించి నడిపాను. ఆ వైరు గాలికి ఊగుతోంది, ట్రైపాడ్ కాలికి టేపు వేసేసరికి ఆగింది. రెండోది, రిజాల్వ్‌లోకి తీసుకుంటే 900 ఫొటోలూ ఒక క్లిప్పుగా రాలేదు, రెండు ముక్కలుగా వచ్చాయి, అదీ వెనకది ముందు. చూస్తే కెమెరా ఫైలు నంబరు మధ్యలో 9999 అయ్యి మళ్లీ 0001 నుంచి మొదలైంది. తీసిన సమయం ప్రకారం అన్నిటికీ కొత్త పేర్లు పెట్టాక సరిపోయింది.

2:40కి అటువైపు ఒక బండి వెళ్లింది, మూడు ఫొటోల్లో రాయి తెల్లగా వెలిగిపోయింది. వాటిని ఏం చెయ్యాలి?

నేల విషయంలో చాలా ఆలోచించాను. మాస్టారూ, నేను నేలని అతికించలేదు. రాయి పక్కన ఒక రేగు కంప ఉంది, అది రాత్రంతా గాలికి ఊగుతూనే ఉంది. దాన్ని ఆపబుద్ధి కాలేదు.

---

రాఫైల్ | 2 ఏప్రిల్ 2025, రాత్రి 10:48

చాలా సంతోషం తమ్ముడూ. రేగు కంప ఉన్న ఫ్రేములో నేనైనా అతికించను.

ఆ మూడు ఫొటోల్లో ఆకాశం బాగుంటే ఆకాశం అలాగే ఉంచి, నేల మాత్రం అటు పక్కదీ ఇటు పక్కదీ కలిపి మాస్క్‌తో వెయ్యి. ఫొటోలు తీసేసి ఖాళీ దగ్గరికి లాగావంటే ఆ చోట చుక్కలు గెంతుతాయి.

---

మూలచుక్క | 3 ఏప్రిల్ 2025, ఉదయం 6:15

పొద్దున్నే లేచి రెండుసార్లు చూశాను. 21వ సెకను దగ్గర మూల రాయి అంచు దాటుతుంది చూడు, అక్కడ ఆపి మా మనవరాలికి చూపించాను. దానిది మూలా నక్షత్రమే. నా నక్షత్రం ఇదా తాతయ్యా అని తెర మీద వేలు పెట్టింది.

ఆ మూడు ఫొటోలూ అలాగే ఉంచేయవచ్చు. ఆ రాత్రి ఆ దారిన ఎవరో వెళ్లారు.

---

కృత్తిక | 3 ఏప్రిల్ 2025, ఉదయం 9:30

తమ్ముడూ, ఏప్రిల్ 27 అమావాస్య, ఆదివారం. నడిమి భాగం రాత్రి పదింబావుకే లేస్తుంది, శనివారం రాత్రి వెళ్తే ఆఫీసు గొడవ ఉండదు. ఒక కెమెరా దక్షిణానికి, ఒకటి లోయ మీద ధ్రువుడివైపు పెడదాం. మా కారులో ఇద్దరికి చోటుంది. నీళ్లు ఎక్కువ తెచ్చుకో, మీ బావని కూడా రమ్మను.

---

పెన్నాగట్టు | 3 ఏప్రిల్ 2025, ఉదయం 9:52

తప్పకుండా అక్కా. భోజనం మా ఇంటి నుంచి. మా అమ్మ ఇప్పుడే ఎంతమంది వస్తున్నారని అడుగుతోంది, శుక్రవారం లోపు లెక్క చెప్పండి.